టొయోటా 86కు తక్కువ ఖర్చుతో టైర్లు: ఒక ప్రాజెక్టు డైరీ

టొయోటా 86 అనే చిన్న స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లు నేను చేసిన పని చేసుకోవడానికి, నేను చేసిన పొరపాట్లు చేయకుండా ఉండటానికి ఈ డైరీ. కారుతో వచ్చిన టైరు సైజు 215/45 ఆర్17, 87 డబ్ల్యూ (వెడల్పు 215 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 45 శాతం, రిమ్ము 17 అంగుళాలు; 87 బరువు సూచిక, డబ్ల్యూ వేగం అక్షరం). టైర్ల ధరలు చోటును బట్టి, నెలను బట్టి మారతాయి. అందుకని కారుతో వచ్చిన రకం కొత్త టైర్లు నాలుగు కొంటే అయ్యే ఖర్చును 100 పాళ్లుగా పెట్టుకుని మిగతా లెక్కంతా పాళ్లలోనే రాశాను. మీ దగ్గరి ధర తెలిస్తే మీ లెక్క వచ్చేస్తుంది.

దశ 1: పాత టైర్ల కొలతలు

కొత్తవి వెతికే ముందు పాతవి ఎలా అరిగాయో చూడాలి. అరుగుదల తీరు చూస్తే కారులో ఏం తేడా ఉందో తెలుస్తుంది. ఆ తేడా సరిచేయకుండా ఎంత మంచి టైరు వేసినా అది కూడా అలాగే పోతుంది.

వాడిన పరికరాలు: గాడి లోతు కొలిచే గేజి, రబ్బరు గట్టిదనం కొలిచే డ్యూరోమీటరు (షోర్ ఎ స్కేలు; అంకె పెద్దదైతే రబ్బరు గట్టిది), దారం, నాలుగు స్టాండ్లు, ఉక్కు స్కేలు.

గాడి లోతు మిల్లీమీటర్లలో, బయటి అంచు, మధ్య, లోపలి అంచు వరుసలో:

ముందు ఎడమ: 3.8, 3.6, 1.9
ముందు కుడి: 3.9, 3.6, 2.1
వెనక ఎడమ: 2.8, 2.6, 2.7
వెనక కుడి: 2.9, 2.5, 2.6

వెనక చక్రాలు నడిపే కారు కాబట్టి వెనక టైర్లు ఎక్కువ అరగడం సహజం. ముందు టైర్ల లోపలి అంచు మాత్రం సహజంగా అరిగింది కాదు. చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే కనీస లోతు 1.6 మి.మీ. పైనుంచి చూస్తే ఇంకా సగం ఉన్నట్టు కనిపించిన టైరు, లోపలి వైపు ఆ గీతకు 0.3 మి.మీ. దూరంలో ఉంది. నిలబడి చూస్తే ఇది కనిపించదు. స్టీరింగును ఒక పక్కకు పూర్తిగా తిప్పి, వంగి, గేజిని లోపలి గాడిలో పెట్టినప్పుడే తెలిసింది.

కారణం కోసం దారంతో కొలిచాను.

1. కారుకు రెండు పక్కలా స్టాండ్ల మధ్య దారం బిగించాను. ముందు, వెనక హబ్బుల (చక్రాల నడిమి భాగాల) నుంచి కొలుస్తూ రెండు దారాలు ఒకదానికొకటి సమాంతరంగా ఉండేలా సరిచేశాను.
2. స్టీరింగు నిటారుగా ఉంచి, రిమ్ము ముందు అంచు నుంచి దారానికి, వెనక అంచు నుంచి దారానికి దూరం కొలిచాను.
3. కారును ఒక చుట్టు ముందుకు దొర్లించి మళ్లీ కొలిచాను.

ముందు చక్రాలు రెండూ కలిపి 5 మి.మీ. బయటికి తిరిగి ఉన్నాయి. లోపలి అంచును తిన్నది ఇదే.

డ్యూరోమీటరుతో మొదటి రోజు తీసుకున్న అంకెలు కొట్టేయాల్సి వచ్చింది. ఎండ తగులుతున్న టైరు 68 చూపింది, నీడలో ఉన్నది 72. అదే రకం, అదే వారంలో తయారైన టైర్లకు ఇంత తేడా రాకూడదు. రబ్బరు వేడెక్కితే మెత్తబడుతుంది. కారును రాత్రంతా నీడలో ఉంచి పొద్దున కొలిస్తే నాలుగూ 72 దగ్గరే నిలిచాయి. ఆ తర్వాత కొలతలన్నీ పొద్దున పూటే, సూది దించిన 3 సెకన్ల తర్వాత, ఒక్కో టైరుకు ఐదు చోట్ల తీసుకున్నాను.

ఇప్పటివరకు: గేజి 1, డ్యూరోమీటరు 5. మొత్తం 6 పాళ్లు. పట్టిన సమయం 5 గంటలు.

దశ 2: సెకండ్ హ్యాండ్ జత (పూర్తిగా నష్టం)

వెనకకు రెండు సెకండ్ హ్యాండ్ టైర్లు కొన్నాను. అదే సైజు, పేరున్న కంపెనీ. గాడి లోతు 6.5 మి.మీ. అని అమ్మినవారు చెప్పారు. నా గేజి 6.4 చూపింది. అబద్ధమేమీ లేదు. నేను అడగాల్సిన ప్రశ్న అడగలేదు, అంతే.

సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద డాట్ అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస ఉంటుంది. దాని చివరి నాలుగు అంకెలు తయారీ తేదీ: మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 3117 అంటే 2017లో 31వ వారం. ఈ నాలుగు అంకెలు చాలా టైర్లకు ఒక్క పక్కనే ఉంటాయి. రెండో పక్క వరుస మధ్యలోనే ఆగిపోతుంది. నాకు వచ్చిన ఫొటోల్లో రెండు టైర్లూ అంకెలు లేని పక్కనే కనిపించాయి, నేనూ అక్కడితో వదిలేశాను. ఇంటికి తెచ్చి తిప్పి చూస్తే చిన్న గుంటలాంటి గీతలో 1413. పదేళ్లు దాటిన టైరు.

డ్యూరోమీటరు 79 చూపింది. గోరు నొక్కితే నా పాత టైరు మీద సన్నటి గీత పడుతుంది, దీని మీద గోరు జారింది. గాలిలోని ఆక్సిజన్, వేడి కలిసి ఏళ్ల తరబడి రబ్బరును గట్టిపరుస్తాయి. టైరు తిరగకుండా మూల కూర్చున్నా ఈ పని ఆగదు. గాడి లోతు అరుగుదలను చెబుతుంది గానీ వయసును చెప్పదు.

అక్కడే ఆపేయాల్సింది. డబ్బు పెట్టాను కదా అని బిగించి పరీక్షించాను. అనుమతి తీసుకున్న ఖాళీ ఆవరణలో, వాన వెలిసి నీటి గుంటలు ఇంకిపోయాక, మధ్యలో మేకుకు కట్టిన తాడుతో 20 మీటర్ల వ్యాసార్థం ఉన్న వృత్తం సుద్దతో గీశాను. ఆ గీత వెంట వేగం నెమ్మదిగా పెంచుతూ, జారుడు అదుపు దీపం (టైర్లు జారుతున్నాయని చెప్పే డ్యాష్‌బోర్డు దీపం) ఏ వేగం దగ్గర మిణుకుమంటుందో పక్క సీట్లో ఉన్న తమ్ముడు రాసుకున్నాడు.

2.6 మి.మీ. మిగిలిన నా పాత టైర్లతో: గంటకు 38 కి.మీ.
6.4 మి.మీ. ఉన్న సెకండ్ హ్యాండ్ జతతో: 34 కి.మీ.

ప్రతి సంఖ్యా ఆరు చుట్ల సగటు. ఒక కిలోమీటరు అటూ ఇటూ తప్పు ఉండవచ్చు. తేడా మాత్రం అంతకంటే పెద్దది. లెక్క వేస్తే పక్కకు పట్టే బలం సుమారు 0.57 జి నుంచి 0.45 జికి పడిపోయింది (1 జి అంటే భూమి ఆకర్షణకు సమానం). అదీ ముందు టైర్ల కంటే వెనక పట్టు తక్కువైన స్థితిలో. వెనక భాగం హెచ్చరిక లేకుండా పక్కకు వెళ్లడం రెండుసార్లు చూశాక ఆ జతతో రోడ్డెక్కలేదు.

విప్పాక ఇంకొకటి బయటపడింది. ఒక టైరు లోపల, భుజం (ట్రెడ్, సైడ్‌వాల్ కలిసే అంచు) దగ్గర, పంక్చరు అతుకు. పంక్చరును ట్రెడ్ (నేలను తాకే భాగం) మధ్య భాగంలో, రంధ్రం 6 మి.మీ. మించనప్పుడే నమ్మకంగా అతకవచ్చు. భుజం, సైడ్‌వాల్ ప్రతి చుట్టుకూ వంగే చోట్లు, అక్కడ అతుకు నిలవదు. రిమ్ముకు బిగించి ఉన్న టైరులో ఇది కనిపించే అవకాశమే లేదు.

ఈ జతను ఎవరికీ అమ్మలేదు. సైడ్‌వాల్ కోసి పారవేతకు ఇచ్చాను.

ఇప్పటివరకు: టైర్లు 15, బిగింపు 2. మొత్తం 23 పాళ్లు. సమయం 9 గంటలు.

దశ 3: సైజు లెక్క

215/45 ఆర్17 అంత విరివిగా దొరికే సైజు కాదు. 225/45 ఆర్17 చాలా కుటుంబ కార్లకు వస్తుంది కాబట్టి అందులో ఎంపిక ఎక్కువ. నేను చూసిన ధరల్లో ఒకే నమూనా టైరు ఈ సైజులో ఐదో వంతు తక్కువకు దొరికింది. ఖర్చు తగ్గించడానికి నాకు దొరికిన అన్నిటికంటే మంచి దారి ఇదే, కాబట్టి ఇక్కడ తొందరపడలేదు.

బయటి వ్యాసం లెక్క: వెడల్పును రెండో అంకె శాతంతో గుణించి, రెట్టింపు చేసి, రిమ్ము వ్యాసం (17 అంగుళాలు అంటే 431.8 మి.మీ.) కలపాలి.

215/45: 625.3 మి.మీ.
225/45: 634.3 మి.మీ., 1.4 శాతం ఎక్కువ
205/50: 636.8 మి.మీ., 1.8 శాతం ఎక్కువ
225/50: 656.8 మి.మీ., 5 శాతం ఎక్కువ, వద్దు

1.4 శాతం గురించి బెంగ పడేవాళ్లకు ఒక మాట. ట్రెడ్ 5 మి.మీ. అరిగితే వ్యాసం 10 మి.మీ. తగ్గుతుంది, అంటే 1.6 శాతం. ఒకే టైరు తన జీవితకాలంలో చూపే మార్పు ఈ సైజు మార్పు కంటే పెద్దది.

రిమ్ము వెడల్పు 7 అంగుళాలు. 225/45కు 7 నుంచి 8.5 అంగుళాల వరకు ఆమోదం ఉంది, కాబట్టి మనం కింది అంచున ఉన్నాం. ఈ సైజు వెడల్పును 7.5 అంగుళాల రిమ్ము మీద కొలిచి చెబుతారు. అర అంగుళం తగ్గితే టైరు సుమారు 5 మి.మీ. సన్నబడుతుంది. అంటే నా రిమ్ము మీద నిజమైన వెడల్పు 220 మి.మీ. దగ్గర, పాతదానికంటే ఒక్కో పక్క సుమారు 3.5 మి.మీ. ఎక్కువ.

ఆ చోటు ఉందా? సస్పెన్షన్ స్ట్రట్ (చక్రం లోపలి పక్కన నిలువుగా ఉండే షాక్ అబ్జార్బరు కడ్డీ) మీద, టైరుకు ఎదురుగా బంకమట్టి ముద్ద అంటించి, చక్రం బిగించి, స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పాను. తర్వాత ముద్ద కోసి మందం కొలిచాను. అతి తక్కువ ఖాళీ 19 మి.మీ. సరిపోతుంది.

బరువు సూచిక: 87 అంటే ఒక్కో టైరుకు 545 కిలోలు, 91 అంటే 615. కారు సుమారు 1,240 కిలోలు, అందులో 53 శాతం ముందు చక్రాల మీద, అంటే ముందు ఒక్కో చక్రానికి 330 కిలోలకు కాస్త తక్కువ. మనుషులు, సామాను కలిసినా బోలెడంత మిగులు ఉంటుంది. అయినా కారుతో వచ్చిన సూచికకంటే తక్కువది కొనకూడదు. వేగం అక్షరానికీ ఇదే నియమం: వి 240, డబ్ల్యూ 270, వై 300 కి.మీ. సైజు మార్పుకు మీ చోట చట్టం, బీమా ఒప్పుకుంటాయో లేదో కొనే ముందే కనుక్కోండి.

ఇప్పటివరకు: 23 పాళ్లే. సమయం 12 గంటలు.

దశ 4: మూడు టైర్ల మధ్య ఎంపిక

86 మార్కెట్లోకి వచ్చిన 2012లో దానికి వేసిన మిషెలిన్ ప్రైమసీ హెచ్‌పీ ప్రియస్ హైబ్రిడ్ కారులో కూడా వాడిన రకం. ఇది పిసినారితనం కాదు. విపరీతమైన పట్టు ఉన్న టైరు వేస్తే ఈ కారు స్వభావం తెలియడానికి ప్రమాదకరమైన వేగం కావాలి. మధ్యరకం పట్టుతో అది మామూలు వేగంలోనే మాట్లాడుతుంది. అందుకే పొడి నేల మీది పట్టులో నేను రాజీ పడగలను. తడి నేల మీద, వయసు విషయంలో పడలేను. ఎంపికంతా ఈ ఒక్క గీత మీద జరిగింది. కింది మూడూ 225/45 ఆర్17 సైజువే.

అ: నాలుగింటికి 78 పాళ్లు. ట్రెడ్‌వేర్ 300, ట్రాక్షన్ ఏఏ. ఐరోపా లేబుల్ మీద తడి పట్టు ఏ. బరువు 9.6 కిలోలు.
ఆ: 54 పాళ్లు. ట్రెడ్‌వేర్ 320, ట్రాక్షన్ ఏఏ. తడి పట్టు బి. బరువు 10.1 కిలోలు.
ఇ: 40 పాళ్లు. ట్రెడ్‌వేర్ 480, ట్రాక్షన్ ఏ. తడి పట్టు డి. బరువు 10.4 కిలోలు.

బరువులు నేనే సామాను తూచే వేలాడే త్రాసుతో చూశాను. అరిగిపోయిన నా పాత టైరు 8.6 కిలోలు తూగింది.

ట్రెడ్‌వేర్ అంకెను గుడ్డిగా నమ్మవద్దు. అది ప్రామాణిక టైరును 100గా పెట్టుకుని చేసే అరుగుదల పోలిక, కానీ అంకెను ముద్రించేది తయారీదారే. ఒకే కంపెనీ టైర్లను పోల్చడానికి పనికొస్తుంది, రెండు కంపెనీల మధ్య అంతగా పనికిరాదు. కొన్ని పోటీల్లో 200కు తగ్గని టైర్లే వాడాలన్న నియమం ఉంది. సరిగ్గా 200 అని ముద్రించిన చాలా మెత్తటి టైర్లు మార్కెట్లో కనిపించడానికి అదొక కారణం. ట్రాక్షన్ అక్షరం కూడా తడి నేల మీద తిన్నగా బ్రేకు వేసే పరీక్షకు సంబంధించినదే, మలుపుల గురించి ఏమీ చెప్పదు.

ఐరోపా లేబుల్‌లో 2021 మే నుంచి తడి పట్టు శ్రేణులు ఏ (అన్నిటికంటే మంచిది) నుంచి ఈ (E) వరకు ఐదు. నాకు ఎక్కువ ఉపయోగపడింది ఇదే. ‘ఇ’ టైరు ఎక్కువ దూరం వస్తుందనిపించినా ఈ లేబుల్ చూశాక పక్కన పెట్టేశాను. ‘అ’కూ ‘ఆ’కూ మధ్య 24 పాళ్ల తేడా, తడి పట్టులో ఒక్క శ్రేణి. ఆ డబ్బులో వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయించడం), టార్క్ రెంచి (నట్టును కొలిచిన బిగువుతో బిగించే రెంచి) రెండూ వస్తాయి. ‘ఆ’ ఖాయం చేశాను.

రెండే కొందామన్న ఆలోచన కూడా వచ్చింది. దశ 2 అనుభవం తర్వాత మానుకున్నాను. తప్పనిసరిగా రెండే కొనాల్సి వస్తే కొత్తవి వెనక వేయండి. ముందు జారితే కారు తిన్నగా పోతుంది, వెనక జారితే తిరిగిపోతుంది.

ఇవి వేసవి టైర్లు. 7 డిగ్రీల లోపు చలిలో, మంచులో వీటి రబ్బరు పనికిరాదు.

ఇప్పటివరకు: టైర్లు 54. మొత్తం 77 పాళ్లు. సమయం 17 గంటలు.

దశ 5: బిగింపు, వణుకు

బిగించక ముందు చూసుకోవాల్సినవి:

1. నాలుగు టైర్ల తయారీ అంకెలు. నాకు వచ్చిన వాటిలో మూడు ఒకే వారానివి, ఒకటి 40 వారాల పాతది. మార్పించుకున్నాను.
2. సైడ్‌వాల్ మీద అవుట్‌సైడ్ అని ఉన్న పక్క బయటికి రావాలి.
3. పసుపు చుక్క టైరులో తేలికైన చోటు. అది గాలి వాల్వు దగ్గరికి రావాలి.
4. హబ్బు ముఖం మీది తుప్పును తీగ బ్రష్షుతో తీసేయాలి.

దుకాణంలో గాలి తుపాకీతో నట్లు బిగించారు. మర్నాడు టార్క్ రెంచిని 200 న్యూటన్ మీటర్లకు పెట్టి బిగించే వైపు నొక్కాను. ఇరవై నట్లలో పదిహేడు కదలకుండానే క్లిక్కుమన్నాయి. కావాల్సింది 120. ఇంత బిగువుతో బోల్టు సాగుతుంది, దారిలో పంక్చరైతే కారుతో వచ్చిన పొట్టి రెంచితో నట్టు ఊడదు. అన్నీ వదులు చేసి, నక్షత్రం ఆకారంలో ఎదురెదురుగా, ముందు 60కి, తర్వాత 120కి బిగించాను. 80 కి.మీ. తర్వాత మళ్లీ చూస్తే ఒక్క నట్టు కొద్దిగా కదిలింది.

మూడో రోజు 95 నుంచి 105 కి.మీ. మధ్య స్టీరింగులో వణుకు మొదలైంది. మొదటి రెండు రోజులు లేదు కాబట్టి టైరు లోపం కాదనిపించింది. ముందు ఎడమ చక్రాన్ని వెనకకు మార్చాను. వణుకు స్టీరింగు వదిలి సీటులోకి వచ్చింది. దోషం ఆ చక్రంలోనే ఉందని తేలింది. విప్పి టార్చి వేసి చూస్తే, బ్రేకు పొడితో నల్లబడిన రిమ్ము లోపలి గోడ మీద వేలెడంత పొడవున శుభ్రమైన దీర్ఘచతురస్రం, దాని అంచుల్లో ఎండిన జిగురు. బ్యాలెన్సింగ్ బరువు అంటించిన చోటు అది. మురికి మీదే అంటించడంతో ఊడిపడింది. మళ్లీ చూపిస్తే లోటు 35 గ్రాములు. ఈసారి ఆ చోటును నేనే ఆల్కహాల్‌తో తుడిచి, బట్ట తెల్లగా వచ్చాక అంటించమన్నాను. మిగతా మూడు చక్రాలకూ అలాగే చేయించాను. వణుకు మళ్లీ రాలేదు.

అలైన్‌మెంట్‌లో ముందు చక్రాల 5 మి.మీ. తేడాను సున్నాకు తెప్పించాను. ఇంట్లో దారంతో సరిచూస్తే అర మి.మీ. లోపే ఉంది.

ఇప్పటివరకు: బిగింపు, బ్యాలెన్సింగ్ 4, అలైన్‌మెంట్ 5, టార్క్ రెంచి 6. మొత్తం 92 పాళ్లు. సమయం 22 గంటలు.

దశ 6: గాలి, తడి పరీక్ష

గాలి 35 పీఎస్ఐ, అంటే 240 కిలోపాస్కల్. నా దగ్గరి రెండు గేజిలు ఒకే టైరుకు 35, 38 చూపాయి. మూడో గేజి తెచ్చి పోల్చితే 38 చూపినదే తప్పని తేలింది. ఇన్నాళ్లూ దాన్నే నమ్మి 3 పీఎస్ఐ తక్కువ నడిపాను. ఇంకో పొరపాటు: అరగంట నడిపి వచ్చి, వేడి మీద 35కు సరిచేశాను. పొద్దున 31 ఉంది. గాలి ఎప్పుడూ చల్లటి టైరుకే కొలవాలి.

225 వెడల్పుకు 35 సరిపోతుందో లేదో చూడటానికి ట్రెడ్‌కు అడ్డంగా సుద్ద గీత గీసి 20 మీటర్లు తిన్నగా నడిపాను. గీత అంచు నుంచి అంచుకు సమంగా చెరిగింది. అందుకే మార్చలేదు.

కొత్త ట్రెడ్ మీద అచ్చు నుంచి వచ్చిన నున్నటి పొర ఉంటుంది. 300 కి.మీ. నెమ్మదిగా నడిపాకే పరీక్షలు చేశాను. అదే ఆవరణ, మళ్లీ వాన వెలిశాక.

వృత్తం మీద: 42 కి.మీ. పాత టైర్లతో 38, సెకండ్ హ్యాండ్ జతతో 34.
50 కి.మీ. నుంచి ఆగే దూరం, ఐదు సార్ల సగటు: 12.7 మీటర్లు. పాత టైర్లతో మొదట్లో కొలిచింది 15.4.

2.7 మీటర్లంటే రోడ్డు దాటే మనిషికి ముందే ఆగడానికీ, తగలడానికీ మధ్య తేడా కావచ్చు. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ముఖ్యమైన అంకె ఇదే.

సుద్ద గుర్తుతో వెనక చక్రం ఐదు చుట్లు తిరిగిన దూరం 9.40 మీటర్ల నుంచి 9.68కి పెరిగింది. స్పీడోమీటరు 100 చూపినప్పుడు ఫోను జీపీఎస్ ముందు 94 చూపేది, ఇప్పుడు 97 చూపుతోంది. ఇందులో సగానికి పైగా పాత టైర్ల అరుగుదల తీరినందువల్లే.

పోగొట్టుకున్నదీ రాయాలి. స్టీరింగు తిప్పగానే కారు స్పందించే తీరు కొంచెం మందగించింది. సన్నటి రిమ్ము మీద సైడ్‌వాల్ ఉబ్బి ఉండటం, టైరు బరువు పెరగడం కారణాలని నా అభిప్రాయం. 215లోనే ఉండి ఉంటే ఇది ఉండేది కాదు.

దశ 7: 5,000 కి.మీ. దగ్గర

కొత్తలో నాలుగూ 7.9 మి.మీ. ఇప్పుడు ముందు 7.5, వెనక 7.2. ముందు టైర్ల లోపలి, బయటి అంచుల తేడా 0.1 మాత్రమే. గట్టిదనం 66 నుంచి 67.

నాలుగూ ఒకే సైజు కాబట్టి ముందువి వెనకకు, వెనకవి ముందుకు మార్చాను. తడి నేల కోసం 3 మి.మీ. దగ్గరే తీసేయాలని నా నియమం. మార్చకుండా నడిపితే వెనకవి 35,000 కి.మీ. దగ్గర ఆ గీతకు వస్తాయి. మారుస్తూ పోతే ఈ వేగంతో నాలుగూ 44,000 దాకా రావాలి.

చివరి లెక్క: 92 పాళ్లు. అందులో మళ్లీ పనికొచ్చే పరికరాలు 12, సెకండ్ హ్యాండ్ జతతో పోయినవి 17, అసలు పనికి 63. దశ 2 వదిలేసి, పరికరాలు అరువు తెచ్చుకోగలిగితే మీకు అయ్యేది ఆ 63 మాత్రమే.

తర్వాతి కొలత 10,000 దగ్గర. ముందు లోపలి అంచు తేడా 0.3 దాటితే మళ్లీ దారం కడతాను.